హాసియెండా: క్యూ వీధి చివరిదాకా, గల్లాపెట్టె మాత్రం ఖాళీ. ఎలా?

కాలవగట్టు_కిరణ్
మాంచెస్టర్‌లో చదువుకుంటున్నాను, రెండో సెమిస్టర్. రాత్రి షిఫ్టు అయ్యాక విట్‌వర్త్ స్ట్రీట్ వెస్ట్ మీదుగా రూముకి నడిచి వస్తుంటాను. ఆ దారిలో వంపు తిరిగిన ఒక ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్ ఉంది. పేరు హాసియెండా. ఇన్నాళ్ళూ ఏదో స్పానిష్ పేరు పెట్టుకున్న ఫ్లాట్లు అనుకున్నా. మొన్న షాపులో ఆ పేరెత్తగానే మా మేనేజరు చేతిలో ట్రే కింద పెట్టేశాడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు, మామూలుగా రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ రోజు అరగంట ఆపలేదు. అక్కడ ఒక డాన్స్ క్లబ్ ఉండేదట, ప్రపంచం మొత్తం దానివైపు చూసేదట, క్యూలో రెండు గంటలు తడుస్తూ నిలబడేవాళ్ళట.

చివర్లో "మూసేశారు, డబ్బుల్లేక" అన్నాడు. నాకు బుర్రకెక్కనిది ఇదే. అంత జనం వస్తే డబ్బు రాకపోవడం ఏంటి? ఎవరికైనా తెలిస్తే కాస్త వివరంగా చెప్పండి.

పకోడీ_పండు
మన సినిమా నిర్మాతల్ని అడుగు తమ్ముడూ. వంద రోజుల పోస్టరు వేసి ఇల్లు అమ్ముకున్నవాళ్ళు ఎంతమందో.

రికార్డుల_రమణ
ఈ ప్రశ్న కోసం ఇరవై ఏళ్ళుగా కాచుక్కూచున్నా. కూర్చో కిరణ్, టీ తెచ్చుకో.

ఈ క్లబ్ పెట్టింది హోటళ్ళ వ్యాపారులు కాదు, పాటల కంపెనీవాళ్ళు. ఫ్యాక్టరీ రికార్డ్స్. దాని ముఖం టోనీ విల్సన్, టీవీలో వార్తలు చదివే మనిషి. ఆలోచన ఎక్కువగా న్యూ ఆర్డర్ బ్యాండు మేనేజరు రాబ్ గ్రెటన్‌ది. డబ్బు ఫ్యాక్టరీదీ, న్యూ ఆర్డర్‌దీ. అంతకుముందు అది పడవల షోరూము. బెన్ కెల్లీ అనే డిజైనరు లోపలంతా కొత్తగా కట్టాడు. డాన్స్ ఫ్లోరు మధ్యలో ఇనప స్తంభాలు అడ్డొస్తే దాచిపెట్టలేదు, ఫ్యాక్టరీల్లో ప్రమాద హెచ్చరికకి వేసే పసుపు నలుపు చారలు వేసేశాడు. ఇప్పటికీ ఆ చారలు చూస్తే మాంచెస్టర్‌వాళ్ళకి ఆ క్లబ్బే గుర్తొస్తుంది.

1982 మే 21న తెరిచారు. ఫ్యాక్టరీవాళ్ళకి ప్రతిదానికీ నంబరు వేసే పిచ్చి. పాటల రికార్డుకి నంబరు ఉంటుంది సరే, వీళ్ళు పోస్టరుకీ వేశారు, క్లబ్బుకీ వేశారు. క్లబ్ నంబరు 51. స్పానిష్‌లో ఆ పేరులో "సి" కింద తోక ఉండదు. వీళ్ళు తోక తగిలించారు, ఎందుకంటే తోక ఉన్న "సి", పక్కన "ఐ" కలిపి చూస్తే 51లా కనిపిస్తుందని! క్లబ్బులో తిరిగే పిల్లికి కూడా నంబరు ఉంది, 191. విల్సన్ 2007లో పోయినప్పుడు శవపేటికకి 501 వేశారు.

పకోడీ_పండు
పిల్లికి నంబరు వేసినవాళ్ళు ఖర్చులకి వౌచరు నంబరు వేశారా?

రికార్డుల_రమణ
అదే కదా కథ 😀

మొదటి నాలుగేళ్ళు ఈగలు తోలుకున్నారు. పెద్ద హాలు, చలి, వారం మధ్యలో పదుల సంఖ్యలో జనం. అప్పట్లో అది ఎక్కువగా లైవ్ బ్యాండ్ల చోటు. 1984 జనవరిలో మడోనా వచ్చి ఒక టీవీ కార్యక్రమం కోసం పాడింది. అప్పటికి ఇక్కడ ఆమెని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. ఒక జర్మన్ బ్యాండు పాడటానికొచ్చి డ్రిల్లు మెషీన్‌తో స్టేజీ పక్క గోడకి కన్నం పెట్టబోయింది. అది కూడా కచేరీలో భాగమే.

బాక్సుల_బుజ్జి
మాది తెనాలి దగ్గర, సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తాం. ఈ క్లబ్ ఫొటోలు చూశాను. పైకప్పు ఎంత ఎత్తో చూశారా? పైన అద్దాలు, చుట్టూ ఇటుక గోడలు, కింద గట్టి నేల. సౌండ్ కొట్టి తిరిగొస్తుంది. రేకుల షెడ్డులో ఆర్కెస్ట్రా పెట్టినట్టే. పాడేవాడి మాట ఒక్కటీ అర్థం కాదు, డప్పు మాత్రం గుండెల్లో మోగుతుంది. అందుకే బ్యాండ్లకి అది పనికిరాక, డ్రమ్ మెషీన్ పాటలకి సరిపోయి ఉంటుంది. నా అనుభవం చెప్తున్నా, గోడలు ఏ పాట అడిగితే అదే వెయ్యాలి.

రికార్డుల_రమణ
బుజ్జీ, సౌండ్ బాలేదని మొదట్నుంచీ తిట్లే, అది నిజం. కానీ డాన్స్ క్లబ్బుగా మారింది గోడల వల్ల కాదు. 1986లో మైక్ పికరింగ్ శుక్రవారాలు "న్యూడ్" అనే రాత్రి మొదలుపెట్టాడు. పేరు చూసి కంగారు పడకండి, అందరూ బట్టలు వేసుకునే వచ్చేవాళ్ళు. అమెరికాలో షికాగో, డెట్రాయిట్ కుర్రాళ్ళు చిన్న మెషీన్లతో చేసిన హౌస్, టెక్నో అనే డాన్స్ పాటల రికార్డులు తెప్పించి వేసేవాడు. బ్రిటన్‌లో ఆ పాటలు అంత గట్టిగా పట్టుకున్న తొలి చోట్లలో ఇదొకటి. తర్వాత గ్రేమ్ పార్క్ తోడయ్యాడు. 1988 వేసవిలో బుధవారాలు "హాట్" అనే రాత్రి. డాన్స్ ఫ్లోరు పక్కన చిన్న ఈతకొలను పెట్టారు. మాంచెస్టర్ వానలో, ఆ కాలవ పక్కన, ఈతకొలను!

ఫ్రాన్స్‌లో ఇప్పుడు దేవుడిలా చూసే డీజే లారాన్ గార్నియే కుర్రతనంలో ఇక్కడే పాటలు వేశాడు. తర్వాత డాన్స్ సంగీతంలో పేరు తెచ్చుకున్న కెమికల్ బ్రదర్స్ జంట ఇద్దరూ ఆ ఊళ్ళో చదువుకుంటూ ఇక్కడ డాన్స్ చేసినవాళ్ళే.

కాలవగట్టు_కిరణ్
ఇదంతా బావుంది రమణ గారూ, కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. 1988లో జనం విరగబడ్డారు కదా. మరి డబ్బు?

లెక్కల_మాస్టారు
ఇది నా సబ్జెక్టు.

క్లబ్బుకి ఆదాయం రెండు చోట్ల: తలుపు దగ్గర టికెట్టు, లోపల బారు. టికెట్టు డబ్బు డీజేకీ, కరెంటుకీ, సెక్యూరిటీకీ పోతుంది. మిగిలేది బారులోనే. 1988 నుంచి వచ్చిన జనం ఏం తీసుకున్నారు? ఎక్స్‌టసీ అనే మత్తు మాత్ర. అది వేసుకున్నవాడికి బీరు అక్కర్లేదు, దాహం వేస్తే నీళ్ళు చాలు. హాలు కిక్కిరిసి ఉంది, బారు దగ్గర పంపు నీళ్ళ కోసం లైను. మాత్రల డబ్బు ఎవరి జేబులోకి పోయింది? అమ్మేవాడి జేబులోకి. అంటే మీ హాల్లో మీ కరెంటుతో ఇంకొకడు వ్యాపారం చేసుకున్నాడు. మా ఊళ్ళో ఒకాయన కల్యాణ మంటపం కట్టి కేటరింగ్ బయటివాళ్ళకి వదిలేశాడు, అలాంటిదే ఇది.

దీనికి తోడు బీరు కంపెనీ దగ్గర అప్పు తెచ్చుకున్నారు. అలాంటి అప్పు తీసుకుంటే వాళ్ళు చెప్పిన ధరకి వాళ్ళ బీరే కొనాలి. అమ్ముడయ్యే కాస్త బీరు మీద కూడా మార్జిన్ పోయింది.

పకోడీ_పండు
పెళ్ళికి వెయ్యిమంది వచ్చి చదివింపులు ఎవరూ చదివించకపోతే ఎట్టుంటదో అట్టా.

మాదాపూర్_నైట్స్
హైదరాబాద్‌లో పబ్బు ఫ్లోర్ మేనేజరుగా ఆరేళ్ళు చేశాను (పేరు అడక్కండి). మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే మా దగ్గర కవర్ చార్జీ తీసుకుని దాన్ని బారులోనే ఖర్చు పెట్టుకోమంటాం. అబ్బాయిలు ఒంటరిగా వస్తే ఎక్కువ, జంటకి తక్కువ. డీజే ఎంత తోపైనా మాకు అనవసరం, పదకొండు దాటాక టేబుల్ మీద బాటిల్ లేకపోతే ఓనరు నా మొహం చూస్తాడు. ఒకసారి కాలేజీ బ్యాచ్ నలభై మంది వచ్చి నాలుగు గంటలు ఊగి, మొత్తం కలిపి మూడు మాక్‌టెయిళ్ళు, రెండు ఫ్రెంచ్ ఫ్రైస్. ఆ రాత్రి ఫ్లోరు ఫుల్లు, ఫొటోలు సూపర్. తెల్లారి రిపోర్టు చూసి ఓనరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శాంతి_సామర్లకోట
అందరూ తెగ ముచ్చటపడుతున్నారు. మత్తు మాత్రలు పంచిన కొంపకి హారతి పట్టడం దేనికి? రేపు మన పిల్లలు చదివితే? ఆ మాత్రలతో ప్రాణాలు పోలేదా?

ఉష_లీడ్స్
శాంతి అక్కా, పోయాయి. 1989లో పదహారేళ్ళ అమ్మాయి ఆ క్లబ్బులో మాత్ర వేసుకుని కూలబడి తర్వాత చనిపోయింది. బ్రిటన్‌లో ఎక్స్‌టసీతో అలా జరిగిన తొలి మరణాల్లో అది ఒకటి. దాన్ని ఎవరూ తక్కువ చేసి చెప్పకూడదు.

నేను ఇక్కడ నర్సుని. ఒంట్లో వేడి పెరిగిపోతుంది, మనిషికి అలిసిన సంగతి తెలీదు, గంటలకొద్దీ గెంతుతాడు. నీళ్ళు తాగకపోయినా ప్రమాదమే, భయపడి ఒక్కసారిగా లీటర్లకొద్దీ తాగేసినా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పడిపోతుంది. మాస్టారు నీళ్ళ సంగతి చెప్పారు కాబట్టి ఒకటి కలుపుతాను. ఆ రోజుల్లో కొన్ని క్లబ్బులు బాత్రూముల్లో పంపులు కట్టేసి సీసా నీళ్ళు అమ్ముకున్నాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో మందు అమ్మే లైసెన్సు ఉన్న ఏ చోటైనా అడిగితే పంపు నీళ్ళు ఉచితంగా ఇచ్చి తీరాలి. 2010లో వచ్చిన నిబంధన అది.

శాంతి_సామర్లకోట
థాంక్స్ ఉషా. అదీ రాయాలి కదా మరి. ఇంతసేపూ పిల్లి నంబరు, ఈతకొలను.

రికార్డుల_రమణ
ఒప్పుకుంటున్నా. మోజులో రాశాను.

సాల్ఫోర్డ్_సుబ్బు
నేను 1999లో కాంట్రాక్టు మీద వచ్చాను, అప్పటికి క్లబ్ మూతపడి రెండేళ్ళు. బిల్డింగ్ ఇంకా ఉంది. షట్టర్లు వేసి, గోడల మీద పోస్టర్లు చిరిగి, పైన గడ్డి మొలిచి. మా టీములో ఒకతను దాని ముందునుంచి కారు పోయినప్పుడల్లా హారన్ ఒక్కసారి కొట్టేవాడు, గుడి ముందు కొట్టినట్టు.

మీరంతా బారు లెక్క ఒక్కటే చెప్తున్నారు. అసలు ముంచింది తలుపు. మాత్రల వ్యాపారం ఎక్కడుంటే గ్యాంగులు అక్కడికొస్తాయి. సాల్ఫోర్డ్, చీటమ్ హిల్, మాస్ సైడ్ ముఠాలు టికెట్టు లేకుండా లోపలికి రావడం, మేం ఫలానా మూలే నిలబడతాం అనడం. తలుపు దగ్గర మనిషిని ఆపలేకపోతే క్లబ్ ఎవరిది? తుపాకులు కూడా వచ్చాయి. పత్రికలు ఆ ఊరికి "గన్‌చెస్టర్" అని పేరు పెట్టాయి.

1990లో పోలీసులు లైసెన్సు రద్దు చేయమన్నారు. వీళ్ళు జార్జ్ కార్మన్ అనే పేరుమోసిన లాయరుని పెట్టుకుని నెగ్గుకొచ్చారు. 1991 జనవరి మొదట్లో లైసెన్సు దక్కింది, సంబరాలు చేసుకున్నారు. అదే నెలాఖరుకి సొంతంగా తాళం వేసుకున్నారు! తలుపు దగ్గరవాళ్ళకి తుపాకీ చూపించి బెదిరిస్తుంటే ఇక నడపలేమని. మే నెలలో మెటల్ డిటెక్టర్లు పెట్టి మళ్ళీ తెరిచారు. నా ఫ్రెండు మాటల్లో, "ముందు నవ్వుతూ లోపలికి పోయేవాళ్ళం, తర్వాత ఎయిర్‌పోర్టులో పోయినట్టు పోయేవాళ్ళం."

లెక్కల_మాస్టారు
సుబ్బు గారు, ఒప్పుకోను. సెక్యూరిటీ ఖర్చు పెరిగింది నిజమే, కానీ గ్యాంగులు రాకముందు కూడా లాభం లేదు. 1982 నుంచి 86 దాకా గ్యాంగులేవి? జనమే లేరు.

సాల్ఫోర్డ్_సుబ్బు
నష్టం ఉన్నా నడిచింది కదా మాస్టారూ. నష్టంతో పదేళ్ళు నడిపినవాళ్ళు ఇంకో పదేళ్ళు నడిపేవాళ్ళే.

లెక్కల_మాస్టారు
ఎవరి డబ్బుతో?

రికార్డుల_రమణ
ఇద్దరూ ఆగండి, ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. న్యూ ఆర్డర్ డబ్బుతో.

1983లో వాళ్ళ "బ్లూ మండే" వచ్చింది. పన్నెండు అంగుళాల సింగిళ్ళలో అంత అమ్ముడుపోయింది ఇంకోటి లేదు. ఫ్లాపీ డిస్క్‌లా కోతలు కోసిన అట్ట చేయించారు. ఆ అట్ట ఖర్చుకి మొదట్లో అమ్మిన ప్రతి కాపీ మీదా నష్టమేనంటారు. అక్కడ మొదలైంది వీళ్ళ వ్యాపారం. అయినా బ్యాండు రికార్డులు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి, వచ్చింది వచ్చినట్టు క్లబ్బులో పోసేవాళ్ళు. బేస్ వాయించే పీటర్ హుక్ తర్వాత దీని మీద పుస్తకమే రాశాడు, క్లబ్ ఎలా నడపకూడదో చెప్తూ. అతని లెక్కలో నష్టం కోటీ ఎనభై లక్షల పౌండ్ల దాకా. వచ్చిన ప్రతివాడి చేతిలో పది పౌండ్లు పెట్టి ఇంటికి పొమ్మన్నా ఇంతకన్నా తక్కువే అయ్యేదని అతనే అంటాడు.

పకోడీ_పండు
మా బాబాయి కోళ్ళఫారం గురించి పిన్ని కూడా ఇదే అంటది.

మాదాపూర్_నైట్స్
కోటీ ఎనభై లక్షల పౌండ్లా!! ఆ ఓనర్ల దగ్గర ఉద్యోగం చేయాల్సింది నేను.

కాలవగట్టు_కిరణ్
ఒక డౌటు. ఫ్యాక్టరీ కంపెనీ ఆపమని చెప్పలేదా? కంపెనీకి సొంత లాభనష్టాలు ఉంటాయి కదా.

లెక్కల_మాస్టారు
కంపెనీయే వాళ్ళకంటే రెండాకులు ఎక్కువ చదివింది. చార్ల్స్ స్ట్రీట్‌లో 1990లో సొంత ఆఫీసు, అంతకుముందు ఏడాది డ్రై అనే బారు, ఇలా బిల్డింగుల మీద డబ్బు పోశారు. అంతలో ఆస్తుల ధరలు పడ్డాయి. వాళ్ళ ఇంకో బ్యాండు హ్యాపీ మండేస్‌ని ఆల్బమ్ చేసుకు రమ్మని బార్బడోస్ పంపితే అక్కడ ఖర్చు తడిసి మోపెడైంది. 1992 నవంబర్‌లో ఫ్యాక్టరీ దివాలా. కొనడానికి లండన్ నుంచి పెద్ద కంపెనీ వచ్చింది. అప్పుడు బయటపడింది: పాటల హక్కులు కళాకారులవే, కంపెనీకి ఏమీ లేదు అని రాసుకున్న కాగితం. ఇక కొనడానికి ఏముంది?

రికార్డుల_రమణ
మాస్టారు దాన్ని తప్పులా చెప్తున్నారు. నా దృష్టిలో వాళ్ళు చేసిన ఒకే ఒక మంచి పని అది. పాట చేసినవాడికే పాట ఉండాలి.

లెక్కల_మాస్టారు
మంచి పనే. బ్యాంకు మేనేజరుకి చెప్పి చూడండి.

సాల్ఫోర్డ్_సుబ్బు
చివరి సంగతి కూడా విన్నారంటే మాస్టారు నా దారికొస్తారు. ఫ్యాక్టరీ పోయాక కూడా క్లబ్ ఐదేళ్ళు నడిచింది. 1997లో లైసెన్సుకి సంబంధించిన మెజిస్ట్రేట్లు ఒక రాత్రి పరిస్థితి ఎలా ఉందో చూడ్డానికి స్వయంగా వచ్చారు. సరిగ్గా వాళ్ళ కళ్ళ ముందే బయట ఒక కుర్రాడిని చావగొట్టారు. చచ్చేంత దెబ్బలు. ఆ ఏడాది జూన్ 28న చివరి రాత్రి, తర్వాత లైసెన్సు లేదు. చూశారా, తలుపే.

లెక్కల_మాస్టారు
తలుపు చంపింది, బారు పడుకోబెట్టింది. సగం సగం పంచుకుందాం.

బాక్సుల_బుజ్జి
సౌండ్‌ని ఎవరూ తలుచుకోలేదు. పర్లేదు, అలవాటే.

శాంతి_సామర్లకోట
ఒకటి అడుగుతా. ఇంత నష్టం, ఇంత గొడవ, ఒక పిల్ల ప్రాణం. అయినా ఆ మేనేజరు ట్రే కింద పెట్టి అరగంట చెప్పాడంటే అందులో ఏముంది? నిజంగానే అడుగుతున్నా.

సాల్ఫోర్డ్_సుబ్బు
హారన్ కొట్టే మా ఫ్రెండుని నేనూ ఇదే అడిగాను. వాళ్ళ నాన్న మిల్లు మూతపడి ఇంట్లో కూర్చున్నాడట. ఆ ఊళ్ళో ఎనభైల్లో పని లేదు, సిటీ సెంటర్‌లో సాయంత్రం ఆరు దాటితే మనిషి లేడు. ఊళ్ళో మిగతా క్లబ్బులకి టై కట్టుకుని, మంచి బూట్లు వేసుకుని వెళ్ళాలి. ఇక్కడ ఏ బట్టలతోనైనా రానిచ్చారు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు, స్టూడెంట్లు, ప్లంబర్లు అందరూ ఒకే ఫ్లోరు మీద. రెండింటికి లైట్లు వేసేవాళ్ళట. చెమటకి బయట చలిలో ఒంటి మీంచి ఆవిరి లేచేదట. ఇంటికి నాలుగు మైళ్ళు నడిచేవాడు, బస్సు ఉండేది కాదు.

అతని ఆఫీసు టేబుల్ మీద ఒక ఇటుక ఉంటుంది. కూల్చే ముందు లోపలి సామాను, ముక్కలు వేలం వేశారు, అలా కొన్నాడు. కాగితాలు ఎగిరిపోకుండా పెడతాడు. ఒక మూల గోరంత పసుపు రంగు ఉంది. నేను దాన్ని గీకబోతే చెయ్యి మీద కొట్టాడు.

రికార్డుల_రమణ
పీటర్ హుక్ అయితే డాన్స్ ఫ్లోరు చెక్కతో బేస్ గిటార్లే చేయించుకున్నాడు. అంత డబ్బు పోసినందుకు ఆ చెక్కయినా దక్కింది.

2002లో బిల్డింగ్ కూల్చి కిరణ్ చూసిన ఫ్లాట్లు కట్టారు. పార్టీ అయిపోయింది, ఇక ఇంటికి రావచ్చు అని ప్రకటన వేసుకున్నారు. ఊరివాళ్ళకి ఒళ్ళు మండింది.

ఉష_లీడ్స్
ఇప్పుడు అవే పాటల్ని గ్రేమ్ పార్క్ ఆర్కెస్ట్రాతో కలిసి హాసియెండా క్లాసికల్ అని కచేరీలు వేస్తున్నాడు. మా వార్డులో ఒకావిడ వెళ్ళొచ్చింది. పక్కన కూర్చున్నవాళ్ళందరికీ మోకాళ్ళ నొప్పులు, రెండో పాటకే లేచి గెంతారట, సోమవారం అందరూ మా దగ్గరికే వస్తారు చూడు అంది.

మాదాపూర్_నైట్స్
ఆ వయసువాళ్ళు మాత్రం బారులో బాగా ఖర్చు పెడతారు. ముప్పై ఏళ్ళు లేటు అయింది అంతే.

కాలవగట్టు_కిరణ్
అందరికీ థాంక్స్. నిన్న షిఫ్టు అయ్యాక మేనేజరుని వెంటబెట్టుకుని వెళ్ళాను. వెనక కాలవ వైపు గోడకి స్టీలు మీద ఏ ఏడాది ఏం జరిగిందో చెక్కి పెట్టారు. ఫోను లైటు వేసి చదువుకుంటూ పోయాం. సుబ్బు గారు, రమణ గారు చెప్పినవి చాలా ఉన్నాయి. ఆయన మాత్రం అదేం చదవలేదు. కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒక చోట ఆగి, "స్తంభం ఇక్కడ" అన్నాడు. తర్వాత ఒక్క అడుగు పక్కకి వేసి, "మా ఆవిడ ఇక్కడ" అన్నాడు.

బిల్డింగ్‌లో ఉండే ఒకాయన కుక్కని తీసుకుని వచ్చి, ఇంత రాత్రి ఏం చేస్తున్నారు, మాట్లాడేది కాస్త నెమ్మదిగా మాట్లాడండి అన్నాడు.

పకోడీ_పండు
హాసియెండా ముందు సౌండ్ తగ్గించమన్నాడా 😂 బుజ్జీ, వింటున్నావా?

బాక్సుల_బుజ్జి
నాకు ప్రతి పెళ్ళిలో రాత్రి పదికి ఎస్ఐ గారు చెప్పేది అదే.